ట్రాక్ డే కారుకు బ్రేక్ కూలింగ్ డక్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి ఏడాదికి ఒకటి రెండుసార్లు సొంత కారుతో ట్రాక్ డేలకు, అంటే ఎవరి కారును వాళ్లు రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజులకు, వెళ్లేవాళ్లం కొద్దిమందిమి ఉన్నాం. వెళ్లొచ్చిన ప్రతిసారీ కొత్తవాళ్లు అడిగేది బ్రేకుల గురించే. చెప్పిన జవాబే మళ్లీ చెప్పడం, అడిగిన ప్రశ్నే మళ్లీ వినడం అలవాటైపోయింది. అందుకే వాటన్నిటినీ ఒకచోట పెట్టాను. డక్టు అంటే బయటి గాలిని బ్రేకు డిస్కు దగ్గరికి తెచ్చే గొట్టం. ముందు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు ఉన్న మామూలు హ్యాచ్‌బ్యాక్, సెడాన్ కార్లను దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది. వరుసగా చదవనక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి.

## పెట్టించాలా వద్దా అనుకుంటున్నప్పుడు

డిస్కు బయటే ఉంటుంది కదా, దానికి మళ్లీ గాలి గొట్టం ఎందుకు?

బయట ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే. ముందు బంపర్, పైన మడ్‌గార్డు, చుట్టూ టైరు, బయటి వైపు అల్లాయ్ చక్రం, లోపలి వైపు డస్ట్ షీల్డ్ అనే రేకు. ఇన్నిటి మధ్య చిక్కుకున్న డిస్కు చుట్టూ తిరిగేది చాలావరకు అది వేడి చేసిన గాలే. కిటికీలన్నీ మూసిన గదిలో కూలర్ నడిపిన వాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

వేడి ఎంతో ఒక లెక్క చూడండి. డ్రైవరుతో కలిపి 1,100 కిలోల కారు గంటకు 140 కిలోమీటర్ల వేగం నుంచి 60కి దిగితే దాదాపు 6.8 లక్షల జౌళ్ల శక్తి వదిలించుకోవాలి. రెండు లీటర్ల చల్లటి నీళ్లను మరిగే స్థితికి తేవడానికి ఇంచుమించు అంతే కావాలి. ఇది ఒక్క మలుపు లెక్క. ఇందులో పెద్ద వాటా ముందు డిస్కులు రెండూ మోస్తాయి. ఊళ్లో అయితే తర్వాతి బ్రేకుకు అవి చల్లారిపోతాయి. ట్రాక్ మీద కొన్ని సెకన్లలోనే ఇంకో మలుపు వచ్చేస్తుంది.

డక్టులు పెడితే కారు తక్కువ దూరంలో ఆగుతుందా?

ఆగదు. చల్లని బ్రేకులతో ఒక్కసారి ఆగే దూరాన్ని టైర్లు, రోడ్డు పట్టు తేలుస్తాయి. డక్టు చేసేది ఒకటే: రెండో ల్యాప్‌లో (ట్రాక్ చుట్టూ రెండో చక్కరులో) దొరికిన బ్రేకు ఎనిమిదో ల్యాప్‌లో కూడా దొరికేలా చూడటం.

మొదటిసారి వెళ్తున్నాను. ఇప్పుడే పెట్టించుకోనా?

వద్దు. కొత్త బ్రేక్ ఆయిల్ పోయించండి, మందం బాగా ఉన్న ప్యాడ్లు (డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే దిమ్మలు) వేయించండి, వెళ్లి రండి. కొత్తవాళ్లు బ్రేకును చాలా ముందు నుంచి మెల్లగా, ఎక్కువసేపు నొక్కుతారు. భయం వల్ల వచ్చే అలవాటు అది, తప్పుపట్టను. కానీ దానివల్ల వేడి డిస్కు ఉపరితలం దాటి, ప్యాడ్లను నొక్కే కాలిపర్‌లోకి, ఆయిల్‌లోకి దిగడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. గట్టిగా నొక్కి తొందరగా వదిలేయడం వచ్చాక సగం మందికి డక్టుల అవసరమే కనబడదు. నన్నడిగితే ఖర్చు వరుస ఇది: ఆయిల్, ప్యాడ్లు, నేర్పు, ఆ తర్వాత డక్టులు. ఈ వరుసను తిరగేసి కొన్నవాళ్ల సామాను అటకల మీద చూశాను.

నాలుగో ల్యాప్‌లో బ్రేకు పని చేయలేదు. ఇక డక్టులు తప్పవా?

పెడల్ ఎలా అనిపించిందో గుర్తు తెచ్చుకోండి. పెడల్ రాయిలా గట్టిగా ఉండి కారు మాత్రం ఆగకపోతే ప్యాడ్లు తమ వేడి హద్దు దాటాయని అర్థం. పెడల్ మెత్తగా, స్పాంజిలా కిందికి దిగిపోతే ఆయిల్ మరిగింది. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే ఖర్చవుతుంది. మొదటిదానికి మందు మంచి ప్యాడ్లు, రెండోదానికి కొత్త ఆయిల్. రెండూ మార్చాక కూడా అదే జరిగితే అప్పుడు డక్టుల గురించి ఆలోచించండి. పెడల్ కిందికి పోతున్నట్టు అనిపించిన క్షణమే వేగం తగ్గించి, ట్రాక్ పక్కన కార్లు ఆపే పిట్‌లోకి వచ్చేయాలి. "ఇంకొక్క ల్యాప్" అనుకోవద్దు.

ఏ బ్రేక్ ఆయిల్ వేయాలి? డాట్ 5 అన్నిటికంటే మంచిదట కదా?

డాట్ అంకె బ్రేక్ ఆయిల్ రకాన్ని చెప్పే గుర్తు. ఈ అంకెల తికమక చాలామందిని ముంచింది. కొత్త ఆయిల్ మరిగే కనీస ఉష్ణోగ్రత డాట్ 3కి 205, డాట్ 4కి 230, డాట్ 5.1కి 260 డిగ్రీలు. తేమ పీల్చుకున్నాక ఇవే వరుసగా 140, 155, 180కి పడిపోతాయి. డాట్ 5 మాత్రం వేరే జాతి. అది సిలికాన్ ద్రవం, మిగతా వాటితో కలవదు. మామూలు ట్రాక్ డే కారులో దాన్ని పోయకండి. మంచి డాట్ 4 చాలు. సీసా మూత తీసి నెలల తరబడి షెడ్డులో ఉంచినది వాడకండి. ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది, మన వానాకాలంలో ఇంకా ఎక్కువ. ట్రాక్ డేకు వెళ్లే ముందు కొత్త సీసా విప్పి, నాలుగు చక్రాల దగ్గరా పాతది పూర్తిగా తీయించండి.

మన ఎండల్లో డక్టులోంచి వచ్చేదీ వేడి గాలే కదా?

రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలున్నా, ట్రాక్ మీద డిస్కు 500 డిగ్రీలుంటుంది. ఆ డిస్కుకు 45 డిగ్రీల గాలి కూడా చల్లనిదే. డిసెంబరు ఉదయానికీ మే మధ్యాహ్నానికీ తేడా 30 డిగ్రీలు. డిస్కు లెక్కలో అది చిన్న సంగతి. ఎండ దెబ్బ ముందు తగిలేది ఇంజనుకు, టైర్లకు, హెల్మెట్ లోపల ఉన్న తలకు.

మా కారు ముందు డిస్కులు పలకలా ఉన్నాయి, మధ్యలో సందులు లేవు. దానికీ పెట్టొచ్చా?

పెట్టొచ్చు గానీ ఫలితం కొద్దిగానే ఉంటుంది. అంచు నుంచి చూస్తే రెండు పలకల మధ్య రెక్కలు కనబడే వెంటిలేటెడ్ డిస్కులకే డక్టు అసలు ఉపయోగం. పాత చిన్న కార్ల పలక డిస్కులకు గాలి రెండు ముఖాల మీదా సమానంగా తగలాలి. అది కుదరడం కష్టం.

వెనుక బ్రేకులకు కూడా కావాలా?

ముందు ఇంజను, ముందు చక్రాల చోదన ఉన్న కార్లకు అక్కర్లేదు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి వెనుక డ్రమ్ములు చేసే పని తక్కువే.

రంధ్రాలున్న డిస్కులు కొంటే ఈ పని తప్పుతుంది కదా?

తప్పదు. చూడటానికి బాగుంటాయి. ట్రాక్ వేడికి పగుళ్లు ఆ రంధ్రాల దగ్గరే మొదలవుతాయి. మామూలు నునుపు డిస్కులే మేలు.

ఆర్టీఓ, ఇన్సూరెన్సు వాళ్లతో ఇబ్బంది ఉంటుందా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదంటుంది. బంపర్ వెనుక దాగిన గొట్టం ఆ పత్రంలో దేన్నీ మార్చదు. అయినా బంపర్ కోయకుండా, తీసిన భాగాలన్నీ దాచిపెట్టుకునేలా పని చేయించండి. ఇన్సూరెన్సు సంగతి వేరు. మామూలు కారు పాలసీలు వ్యవస్థీకృత రేసింగును, వేగ పరీక్షలను మినహాయిస్తాయి. డక్టు ఉన్నా లేకున్నా ట్రాక్ మీద జరిగిన నష్టం మీ జేబు నుంచే అనుకుని వెళ్లడం మంచిది.

## కొలతలు, సామాను

గాలి ఎక్కడి నుంచి తీసుకోవాలి?

బంపర్ ముందు ముఖం నుంచి. కారు వేగంగా పోతున్నప్పుడు గాలి వచ్చి నేరుగా గుద్దుకునే చోటు అది, ఒత్తిడి అక్కడే ఎక్కువ. చాలా కార్లలో ఫాగ్ ల్యాంప్ ఉండే గూడు ఇందుకు సరిగ్గా సరిపోతుంది. దీపం తీసి, ఆ ఆకారానికి ఒక మూతి చేయించి బిగిస్తే బంపర్‌కు రంపం తగలదు, దీపం మళ్లీ పెట్టుకోవచ్చు. బంపర్ కింద వేలాడే గరిటెలాంటి మూతులు పెట్టకండి, మొదటి స్పీడ్ బ్రేకరుకే రాలిపోతాయి. రేడియేటర్ ముందున్న జాలీలోంచి గాలి మళ్లిస్తే బ్రేకు చల్లబడి ఇంజను వేడెక్కుతుంది.

నాకా డక్టు పెడితే ఇంకా బాగా లాగుతుందా?

చదునైన పలక మీద, గాలి అంటిపెట్టుకుని పారే చోట నాకా డక్టు (పలకలోకే పల్లంగా దిగే మూతి) గొప్పగా పని చేస్తుంది. బంపర్ ముందు ముఖానికి మామూలు గుండ్రటి మూతి చాలు. అంచులు మాత్రం గరాటులా గుండ్రంగా తిరిగి ఉండాలి.

పైపు 2 అంగుళాలదా, 3 అంగుళాలదా?

పట్టినంత పెద్దది. 50 మిల్లీమీటర్ల (2 అంగుళాల) పైపు నోటి వైశాల్యం దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు, 63ది (రెండున్నర అంగుళాలది) 31, 76ది (3 అంగుళాలది) 45. అంటే 3 అంగుళాల పైపులో 2 అంగుళాలదానికి రెండింతలకు పైగా దారి ఉంటుంది. కానీ మన చిన్న కార్లలో చక్రానికీ ఛాసిస్‌కూ మధ్య 76 దూరదు. దూర్చాలని నొక్కితే పైపు నలిగి చదునై, చివరికి 50 కంటే తక్కువ దారి మిగులుతుంది. సాఫీగా వంపు తిరిగిన 63 పైపు, మూడు చోట్ల నలిగిన 76 కంటే ఎన్నో రెట్లు నయం.

వంటింటి చిమ్నీకి వాడే అల్యూమినియం పైపు చాలా చౌక. అది పనికొస్తుందా?

రాదు. ఆ రేకు కాగితం కంటే కొంచెం మందం, అంతే. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ మడతపడి, అక్కడే చిరుగుతుంది. ఇంకొందరు పొలం మోటారుకు వాడే ఆకుపచ్చ సక్షన్ పైపు తెస్తారు. అది గట్టిదే, కానీ ప్లాస్టిక్. డిస్కు దగ్గరికి వెళ్లే చివరి మూరలో మెత్తబడి వాలిపోతుంది. కావలసింది లోపల తీగ చుట్టిన, సిలికాన్ పూసిన గ్లాస్ ఫైబర్ పైపు. ఒక్కో వైపుకు మీటరు పైచిలుకు పడుతుంది. కొంచెం ఎక్కువే తెప్పించండి, మొదటిసారి కోత తప్పు పోతుంది.

పైపు చివర డిస్కు దగ్గర ఎక్కడ పెట్టాలి?

ఈ పనంతటిలో ప్రాణం ఇదే, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. పైపును డిస్కు ముఖం వైపు తిప్పి, జిప్ టైతో కట్టేసి పని అయిపోయిందనుకుంటారు. అప్పుడు లోపలి ముఖం ఒక్కటే చల్లబడుతుంది, బయటి ముఖం కాలుతూనే ఉంటుంది. రెండు ముఖాల మధ్య ఆ తేడా వల్ల డిస్కు గొడుగులా వంగడానికి చూస్తుంది, పగుళ్లు తొందరగా వస్తాయి.

వెంటిలేటెడ్ డిస్కు తనంతట తానే ఒక పంపు. తిరుగుతున్నప్పుడు మధ్య భాగం నుంచి గాలిని పీల్చి, లోపలి రెక్కల సందుల్లోంచి అంచు వైపు విసిరేస్తుంది. కాబట్టి గాలిని అందించాల్సింది, చక్రం బిగించే నడిమి భాగమైన హబ్ చుట్టూ ఉండే ఆ నోటికి, అంటే డిస్కు కంటికి. డస్ట్ షీల్డ్ స్థానంలో ఒక పళ్లెం లాంటి ప్లేటు పెట్టి, దానికి హబ్ పక్కన పైపు మూతి అతికిస్తే, వచ్చిన గాలి పక్కలకు పోకుండా ఆ కంట్లోకే దూరుతుంది. ప్లేటు అంచుకూ డిస్కుకూ మధ్య సందు ఎంత తక్కువైతే అంత మంచిది, కానీ తగలకూడదు. నాలుగైదు మిల్లీమీటర్లు వదలండి. పైపు మూతి గుండ్రంగా పట్టకపోతే కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కండి, వైశాల్యం మాత్రం తగ్గించకండి.

ఆ ప్లేటు రెడీమేడ్‌గా దొరకడం లేదు. మన దగ్గర ఎవరు చేస్తారు?

మన చిన్న కార్లకు కిట్లు దొరకడం అరుదు. దిగులు పడకండి, ఇది రేకు పని. పాత డస్ట్ షీల్డ్‌ను అట్ట మీద పెట్టి గీసి, కత్తిరించి, కారు మీద నాలుగుసార్లు సరిచూసుకోండి. ఆ అట్టను కూలర్లు, బీరువాలు చేసే రేకు షాపుకు తీసుకెళ్లండి. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మలు తేల్చే పెంబర్తి పక్కనే ఉన్నాం, రేకును మలిచే చేతులకు ఇక్కడ కొరత లేదు. చెప్పడమే సరిగ్గా చెప్పాలి. ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకు సరిపోతుంది. అల్యూమినియం తేలిక, కానీ దాన్ని వెల్డింగ్ చేసేవాళ్లు తక్కువ. మామూలు ఇనుప రేకు ఎవరైనా అతుకుతారు, పైన వేడికి తట్టుకునే రంగు వేస్తే తుప్పు పట్టదు. మూడు బోల్టుల చోట్లు అచ్చం పాత షీల్డ్‌లానే రావాలి. తేడా వస్తే ప్లేటు వంకరగా కూర్చుని డిస్కును గీరుతుంది.

మా అబ్బాయి కాలేజీలో 3డీ ప్రింటరు ఉంది. మూతి దానితో చేయించనా?

బంపర్ వైపు మూతికి పరవాలేదు, కానీ పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మన ఎండలో నిలిపిన కారు మీద దాని ఆకారం నిలవదు. డిస్కు వైపు ప్లేటు, మూతి లోహంతోనే.

గొట్టం నోటికి జాలీ పెట్టాలా?

పెట్టాలి, కానీ దోమల జాలీ కాదు. సన్నటి జాలీ సగం గాలిని ఆపేస్తుంది. చిటికెన వేలు పట్టేంత కన్నాలున్న జాలీ చాలు, రాళ్లు ఆగుతాయి. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు తిరిగే కార్లయితే వారానికోసారి చూసుకోండి. లారీల నుంచి ఎగిరిన దూది జాలీకి పట్టి దుప్పటిలా కమ్మేస్తుంది.

## బిగించే రోజు

ఒక్క రోజులో అయిపోతుందా?

ప్లేట్లు ముందే తయారై ఉంటే, అలవాటున్న ఇద్దరు పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ముగిస్తారు. కారును జాకీ మీద మాత్రమే వదిలి కిందికి దూరకండి, స్టాండ్లు తప్పనిసరి. పానాల సెట్టుతో పాటు, బోల్టు ఎంత బిగిసిందో చూపే టార్క్ పానా కూడా ఉండాలి.

డస్ట్ షీల్డ్ తీసి వదిలేస్తే చాలదా? పైపుల గొడవ ఉండదు.

కొంత లాభం ఉంటుంది, ఖర్చు లేదు. కానీ ఆ రేకు దుమ్ము ఆపడానికి మాత్రమే లేదు. చక్రాన్ని సస్పెన్షన్‌కు, స్టీరింగుకు కలిపే కీళ్ల (బాల్ జాయింటు, టై రాడ్ చివర) మీద ఉండే రబ్బరు బూట్లకు, అంటే తొడుగులకు, డిస్కు సెగ తగలకుండా అడ్డుగా ఉంటుంది. షీల్డ్ తీసి ట్రాక్‌కు వెళ్లొస్తే ఆ బూట్లు ఎండి పగిలాయేమో చూసుకోవాలి.

షీల్డ్ ఊడి రావడం లేదు, హబ్ అడ్డం వస్తోంది.

కొన్ని కార్లలో అంతే, హబ్‌ను ప్రెస్సు మీద తీస్తే గానీ షీల్డ్ రాదు. హబ్ తీస్తే బేరింగు కూడా పోయే ప్రమాదం ఉంది. దానికంటే షీల్డ్‌ను అక్కడే రేకు కత్తెరతో కోసి తీసి, కొత్త ప్లేటును రెండు ముక్కలుగా చేయించి చుట్టూ బిగించడం తెలివైన పని.

కాలిపర్ విప్పాలా?

విప్పాలి, డిస్కు బయటికి వస్తేనే వెనుక చేయి ఆడుతుంది. ఆయిల్ పైపు విప్పనక్కర్లేదు. కాలిపర్‌ను ఆ రబ్బరు పైపు మీద వేలాడదీయకండి, తీగతో స్ప్రింగుకు కట్టండి. తిరిగి బిగించేటప్పుడు బోల్టుల బిగింపు మీ కారు మాన్యువల్‌లో రాసినంతే ఉండాలి. చేతి అంచనా వద్దు.

పైపును ఏ దారిలో తీసుకెళ్లాలి? టైరుకు తగులుతోంది.

తొందరపడకుండా చేయాల్సింది ఇదే. చక్రం మూడు రకాలుగా కదులుతుంది: స్టీరింగుతో పక్కలకు, గుంతలో కిందికి, గతుకు మీద పైకి. ఈ మూడూ కలిసినప్పుడు కూడా పైపు దేనికీ తగలకూడదు. కారును స్టాండ్ల మీద పెట్టి, స్ప్రింగు పూర్తిగా వేలాడుతున్నప్పుడు స్టీరింగును రెండు చివరలకూ తిప్పి చూడండి. తర్వాత చక్రాన్ని కింది నుంచి ఛాసిస్‌కు కలిపే లోయర్ ఆర్మ్ కింద ఇంకో జాకీ పెట్టి, ఆ వైపు స్టాండు నుంచి లేచిపోకుండా చూసుకుంటూ చక్రాన్ని మెల్లగా పైకి లేపి, మళ్లీ రెండు చివరలకూ తిప్పండి. ఎక్కువసార్లు తగిలేది టైరు లోపలి భుజానికే.

బంపర్ నుంచి ఫెండర్ లైనర్ (మడ్‌గార్డు లోపలి తొడుగు)లోకి, అక్కడి నుంచి ఛాసిస్ పక్కన కొంత దూరం బిగించి, హబ్‌ను మోసే నకిల్‌కు చేరే చివరి భాగాన్ని మాత్రం వదులుగా, పెద్ద వంపుతో వదలండి. ఆ వంపే కదలికను మింగుతుంది. చక్రాన్ని తిప్పే ఇరుసు, అంటే డ్రైవ్ షాఫ్ట్ తిరిగే చోటు నుంచి రెండు వేళ్ల దూరం ఉంచండి. టైరు అంచుకు సుద్ద రాసి షెడ్డు చుట్టూ నాలుగు చక్కర్లు కొట్టండి, పైపుకు తెల్లగా అంటితే తగులుతున్నట్టే.

ఏం చేసినా పైపు పట్టని కార్లుంటాయి. వాటికి లోయర్ ఆర్మ్ మీద చిన్న రెక్క బిగించి, కారు కింద పారే గాలిని డిస్కు వైపు మళ్లిస్తారు. పోర్షే 911 కార్లకు కంపెనీయే ఇలాంటి రెక్కలు పెట్టింది. పైపు అంత ఫలితం ఉండదు, సున్నా కంటే చాలా మేలు.

జిప్ టైలతో కడితే నిలుస్తాయా?

బంపర్ వైపు నిలుస్తాయి. డిస్కు వైపు ప్లాస్టిక్ టైలు కరిగి తెగుతాయి, అక్కడ పానాతో బిగించే స్టీలు హోస్ క్లిప్పులే. పైపు ఊడి టైరు కిందికి పోవడం బ్రేకు వేడెక్కడం కంటే పెద్ద ప్రమాదం.

ఏబీఎస్ వైరు అడ్డం వస్తోంది, పక్కకు జరపొచ్చా?

కంపెనీ పెట్టిన క్లిప్పుల్లోనే ఉంచి, పైపునే జరపండి. సెన్సార్ వైరు సాగినా, ప్లేటు అంచుకు గీసుకున్నా, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని మానేస్తుంది. ప్లేటు అంచులన్నీ ఆకురాయితో నున్నగా రుద్దించండి. బ్రేకు రబ్బరు పైపుకూ ఇదే జాగ్రత్త.

## ట్రాక్ దగ్గర

మనకు దగ్గర్లో ఏ ట్రాక్ ఉంది? బ్రేకులకు ఏది కఠినం?

మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు. చుట్టుకొలత సుమారు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరు కారి స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లే. వేగం తక్కువైనా మలుపులు వెంటవెంటనే వస్తాయి, డిస్కు చల్లారే వ్యవధి చిక్కదు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు. కిలోమీటరు దాటిన తిన్నని దారి చివర ఒక్కసారిగా వేగం తగ్గించాలి. ఒక్క బ్రేకులో పుట్టే వేడి అక్కడే ఎక్కువ.

2023లో హుస్సేన్‌సాగర్ పక్కన పరుగెత్తిన ఫార్ములా-ఈ కార్లకూ ఇలాంటి డక్టులున్నాయా?

వాటి సంగతి మన కార్లకు వర్తించదు. ఆ ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో పరుగెత్తిన ఆ ఎలక్ట్రిక్ రేసు కార్లు వేగం తగ్గేటప్పుడు ఆ శక్తిలో చాలా భాగాన్ని మోటార్లతో మళ్లీ బ్యాటరీలోకి పంపుతాయి. మన కారులో అదంతా డిస్కులో వేడిగా మారాల్సిందే.

ట్రాక్‌కు వెళ్లే ముందే హైవే మీద పరీక్షించుకోవచ్చా?

పైపు తగులుతోందా, శబ్దం వస్తోందా అని మామూలు వేగంలో చూసుకోండి. బ్రేకును మండించి చూడాలని ములుగు రోడ్డు మీదో, హైదరాబాద్ హైవే మీదో ప్రయత్నించకండి. బహిరంగ రోడ్డు మీద వేగ పరీక్షలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. అది పక్కన పెట్టినా, అక్కడ ట్రాక్టరు ట్రాలీకి వెనుక లైటు ఉండదు.

డక్టు నిజంగా పని చేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

నమ్మకంతో కాదు, కొలతతో. డిస్కు అంచుకు పూసే ఉష్ణోగ్రత రంగులు దొరుకుతాయి, ఒక్కోటి ఒక్కో వేడికి రంగు మారుతుంది. కాలిపర్‌కు అంటించే పట్టీలూ ఉన్నాయి. మొదటి సెషన్‌కు రెండు మూతులకూ టేపు వేసి, రంగు, పట్టీ ఏం చెప్పాయో రాసుకోండి. కొత్త రంగు, కొత్త పట్టీతో రెండో సెషన్‌కు మూతులు తెరవండి. డ్రైవరు, ల్యాపుల సంఖ్య రెండిటికీ ఒకటే ఉండాలి. ఒక్క వైపు మాత్రం తెరిచి పోల్చాలని చూడకండి, బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు లాగవచ్చు. ఎర్ర చుక్క చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే డిస్కు మీద తక్కువ చూపిస్తుంది. పైగా పిట్‌కు చేరేలోపే డిస్కు చాలా చల్లారిపోయి ఉంటుంది.

డక్టులు పెట్టాక మొదటి ల్యాప్‌లో బ్రేకు పట్టడం లేదేమిటి?

ట్రాక్ ప్యాడ్లకు కొంత వేడి ఎక్కితేనే పట్టు వస్తుంది. గాలి అతిగా తగిలితే అవి ఆ స్థాయికి రావు. మూతిలో సగానికి టేపు వేసి చూడండి. రేసు జట్లు కూడా ఇదే టేపు వాడతాయి.

వాన పడితే?

మూసేయండి. తడి ట్రాక్ మీద పట్టు తక్కువ, బ్రేకు మెల్లగా వేస్తారు, వేడి పుట్టదు. తెరిచి ఉంచితే గొట్టం డిస్కు మీదికి నీళ్లు మోసుకొస్తుంది.

డక్టులున్నాయి కదా, చివర్లో మెల్లగా ఒక ల్యాప్ తిరగడం ఇంకా అవసరమా?

ఇంకా ఎక్కువ అవసరం. కారు ఆగితే గొట్టంలో గాలీ ఆగుతుంది. డిస్కులో దాచుకున్న వేడంతా నిశ్చలంగా కాలిపర్‌లోకి, ఆయిల్‌లోకి పాకుతుంది. పిట్‌లో నిలిపాక ఆయిల్ మరగడం చూశాను. చివరి ల్యాప్ బ్రేకు దాదాపు ముట్టకుండా తిరగండి. ఆపాక పెడల్ మీద కాలు ఉంచకండి, హ్యాండ్‌బ్రేకు లాగకండి. గేరులో వదిలి చక్రం కింద చెక్క ముక్క పెట్టండి.

## ఇంటికి వచ్చాక

చెన్నై నుంచి 600 కిలోమీటర్లకు పైగా అదే కారులో తిరిగి రావాలి. ఏం చూసుకోవాలి?

బయల్దేరే ముందు చక్రాల నట్లు మళ్లీ బిగించండి, ప్యాడ్ల మందం చూడండి, పెడల్ గట్టిగా ఉందో లేదో నొక్కి చూడండి. ప్యాడ్ సగానికి మించి అరిగితే వెంట తెచ్చుకున్న జత వేసేయండి. డక్టు మూతులకు మూతలు పెట్టండి.

రోజూ ఆఫీసుకు వాడే కారుకు డక్టులు ఉంచొచ్చా?

మూతలు పెట్టి ఉంచొచ్చు. నాట్ల కాలంలో ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలిన నల్లరేగడి బురద గొట్టంలోకి పోతే ఎండి ఇటుకలా తయారవుతుంది. నెలల తరబడి కారు నిలిపితే ఎలుకలకు అంతకంటే మంచి ఇల్లు దొరకదు. నేనైతే ట్రాక్ డే అయిపోగానే పైపులు విప్పి, ప్లేట్లు మాత్రం వదిలేస్తాను.

డిస్కు మీద సన్నటి గీతల్లాంటి పగుళ్లు కనబడుతున్నాయి. మార్చాలా?

వెంట్రుకల్లాంటి పైపై గీతలు ట్రాక్ డిస్కుల మీద మామూలే. గోరు తట్టుకునేంత లోతుంటే మార్చండి. పగులు డిస్కు అంచుకు చేరితే ఆ కారును ఊళ్లో కూడా నడపకండి. మారిస్తే రెండు వైపులా కలిపే మార్చాలి.

తిరిగొచ్చాక బ్రేకు వేస్తే స్టీరింగు వణుకుతోంది. డిస్కు వంగిపోయిందా?

షెడ్డులో అందరూ చెప్పేది అదే. ఎక్కువసార్లు జరిగేది వేరు: కాలిన ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా అంటుకుంటుంది. వేడి డిస్కు మీద పెడల్ నొక్కి కారు నిలిపితే ప్యాడ్ ముద్ర అచ్చు గుద్దినట్టు పడుతుంది. ఖాళీ రోడ్డులో ఓ మోస్తరు వేగం నుంచి, పూర్తిగా ఆగకుండా, పదిసార్లు మధ్యస్థంగా బ్రేకు వేసి చూడండి. చాలాసార్లు అదే సర్దుకుంటుంది. తగ్గకపోతే లేత్ షాపుకు తీసుకెళ్లే ముందు డిస్కు మందం కొలిపించండి. అంచు మీదో, మధ్య టోపీ మీదో కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. సాన పట్టాక అంతకంటే తగ్గేట్టుంటే ఆ డిస్కు పాత ఇనుము కొనేవాళ్లకే.